నిమ్మకు గజ్జి.. తట్టుకునే మొక్క కోసం తీరని వెదుకులాట

మార్కెట్‌ యార్డులో రెండు నిమ్మకాయలు పక్కపక్కనే ఉంటాయి. రెండింటిలోనూ రసం ఒకటే, పులుపూ ఒకటే. ఒకదాని తొక్క నున్నగా మెరుస్తుంటుంది. రెండోదానిపై గరుకైన గోధుమరంగు మచ్చలు నాలుగు ఉంటాయి. ఆ నాలుగు మచ్చలే ఏడాది పొడవునా రైతు చేసిన కష్టానికి వెల కడతాయి. గూడూరు, పొదలకూరు, తెనాలి, ఏలూరు వంటి నిమ్మ మార్కెట్లకు సరకు తెచ్చే ఏ రైతుకూ ఈ మాట కొత్త కాదు. మచ్చల కాయను వేరుచేసి తక్కువ ధర కట్టడం అక్కడ మామూలే. ఎగుమతి సంగతైతే చెప్పనక్కరలేదు. గజ్జి మచ్చలున్న కాయను ఐరోపా దేశాలు తమ గడప తొక్కనివ్వవు.

రైతులు గజ్జి తెగులు అని పిలిచే ఈ వ్యాధిని శాస్త్రవేత్తలు సిట్రస్‌ కాంకర్‌ అంటారు. మందులు కొడుతున్నా ఏటా తిరిగి వస్తోంది. ‘వరిలో తెగులును తట్టుకునే రకాలు వచ్చాయి కదా, నిమ్మలో ఎందుకు రావు?’ అన్న ప్రశ్న రైతుల్లో సహజంగానే పుడుతుంది. ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి సమాధానం నిమ్మ గింజలోనే దాగి ఉంది. ఆ సమాధానం తెలిస్తే కొత్తగా తోట వేసే రైతు మొక్క ఎంపికలో పొరబడే అవకాశం తగ్గుతుంది. ఎకరాకు 6 మీటర్ల ఎడంతో వేసే 110 మొక్కలు మూడు, నాలుగేళ్లకు కాపుకు వస్తాయి. ఆ తర్వాత పదిహేను, ఇరవై ఏళ్లు రైతు కుటుంబం వాటిపైనే ఆధారపడుతుంది. నాటిన రోజు చేసిన తప్పును దిద్దుకోవడానికి ఆ తర్వాత దారి ఉండదు.

మచ్చ ఎలా పుడుతుంది?

గజ్జికి కారణం శాంథోమోనాస్‌ సిట్రి అనే బ్యాక్టీరియా. ఇది శిలీంధ్రం కాదు. బూజు తెగుళ్లకు వాడే మందులన్నీ దీనిపై పనిచేయకపోవడానికి కారణం ఇదే. అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన క్లారా హాస్‌ అనే మహిళా శాస్త్రవేత్త 1915లో ఈ బ్యాక్టీరియాను వేరుచేసి, తెగులుకు మూలం ఇదేనని నిరూపించారు.

తొలుత లేత ఆకు అడుగుభాగాన సూదిమొన అంత నూనె చుక్క వంటి మచ్చ కనిపిస్తుంది. క్రమంగా అది రెండు వైపులా పైకి ఉబ్బి, బెండులా మారి, నడుమ పగిలి గుంట పడుతుంది. చుట్టూ పసుపు వలయం ఏర్పడుతుంది. ఆకుతో ఆగక కొమ్మకు, ముల్లుకు, పిందెకు పాకుతుంది. కొమ్మలపై వచ్చిన పుండు నెలల తరబడి సజీవంగా ఉండి, తర్వాతి వానకాలానికి తెగులు మూటను మోసుకువస్తుంది. కాయపై మచ్చ తొక్క వరకే పరిమితం. లోపలి రసానికి హాని లేదు. ఆ కాయ తిన్నవారికి ఏ రోగమూ రాదు. అయినా కాయ అందం పోవడంతో ధర పోతుంది. తెగులు ముదిరితే ఆకు, పిందె రాలిపోయి దిగుబడే పడిపోతుంది.

ఈ బ్యాక్టీరియా సొంతంగా ఆకును తొలుచుకుని లోపలికి పోలేదు. దానికి తెరిచిన తలుపు కావాలి. ఆకుపై ఉండే శ్వాసరంధ్రాలు ఒక తలుపు. ముల్లు గీరిన గాయాలు, కత్తెర గాట్లు, లేత ఆకును ఆకు తొలిచే పురుగు పాముల్లాంటి సొరంగాలు చేసి పాడుచేసిన చోట్లు మరో తలుపు. వాన నీరు పుండుపై పడినప్పుడు లక్షల కొద్దీ బ్యాక్టీరియా ఆ నీటిలోకి ఊరి వస్తుంది. గంటకు సుమారు 29 కిలోమీటర్లు దాటిన గాలి ఆ నీటి తుంపరను శ్వాసరంధ్రాల్లోకి బలంగా నెడుతుంది. వెచ్చని వాతావరణం, తేమ తోడైతే వారం, పది రోజుల్లోనే కొత్త మచ్చలు బయటపడతాయి. తీరప్రాంతంలో గాలివాన కురిసిన తర్వాత తోటంతా ఒక్కసారిగా గజ్జి కనిపించడంలోని రహస్యం ఇదే.

ఆకు వయసూ ముఖ్యమే. చిగురు పూర్తిగా విప్పారి గట్టిపడే వరకే ప్రమాదం ఎక్కువ. ముదిరిన ఆకు గాయపడితే తప్ప సులువుగా లొంగదు. కాయ విషయంలోనూ అంతే, పిందె ఎదిగే దశే కీలకం. నిమ్మ ఏడాదిలో పలు దఫాలు చిగురు వేస్తుంది. అంటే ప్రతి చిగురుతోనూ తెగులుకు కొత్త తలుపులు తెరుచుకుంటున్నట్లే.

పక్కనున్న దానిమ్మ తోటలోని మచ్చలు నిమ్మకు అంటుకుంటాయేమోనని అనంతపురం వైపు కొందరు రైతులు భయపడుతుంటారు. దానిమ్మ మచ్చ తెగులుకూ శాంథోమోనాస్‌ జాతి బ్యాక్టీరియాయే కారణం. మామిడి నల్లమచ్చదీ ఇదే వంశం. అయితే దాయాదులైనా ఎవరి పంట వారిదే. దానిమ్మ తెగులు నిమ్మకు రాదు, నిమ్మ గజ్జి దానిమ్మకు పోదు. చలిదేశాల్లో ఆపిల్‌, చెర్రీ చెట్లకు వచ్చే వ్యాధులనూ కాంకర్‌ అనే పిలుస్తారు. వాటికి కారణమయ్యే సూక్ష్మజీవులు పూర్తిగా వేరు.

పుట్టిల్లు మన ఆసియాయే

గజ్జి తెగులు బయటి నుంచి వచ్చింది కాదు. ఇంగ్లండ్‌లోని క్యూ ఉద్యానవనంలో భద్రపరచిన ఎండు మొక్కల నమూనాలను 1933లో ఫాసెట్‌, జెంకిన్స్‌ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పరిశీలించారు. 1827-1831 మధ్య డెహ్రాడూన్‌ ప్రాంతంలో సేకరించిన నిమ్మజాతి ఆకులపై గజ్జి పుండ్లు వారికి కనిపించాయి. వ్యాధికి పేరు పెట్టక ముందే, బ్యాక్టీరియాను గుర్తించక ముందే అది మన గడ్డపై ఉందన్నమాట. నిమ్మజాతి చెట్లకు పుట్టిల్లయిన ఆసియాలోనే తెగులూ పుట్టింది.

బయటి దేశాలకు అది అనుకోని అతిథిగా వెళ్లింది. అమెరికాలోని ఫ్లోరిడాకు 1910 ప్రాంతంలో జపాన్‌ నుంచి తెచ్చిన మొక్కలతో చేరింది. తోటలను తగలబెట్టి, నర్సరీలను నిర్మూలించి 1933 నాటికి తెగులును తరిమేశారు. 1986లో మళ్లీ బయటపడింది. 1995లో మయామీ నగరంలో ఇళ్ల పెరడుల్లో కనిపించింది. తెగులు సోకిన చెట్టుకు 1,900 అడుగుల లోపు ఉన్న నిమ్మజాతి చెట్లన్నింటినీ, ఆరోగ్యంగా ఉన్నా సరే, నరికివేయాలన్న నిబంధన తెచ్చారు. పెరట్లో చెట్టు పోగొట్టుకున్న వారు కోర్టులకెక్కారు. ఈ పదేళ్లలో 1.6 కోట్లకు పైగా చెట్లు నేలకూలాయి. ఇంతలో 2004, 2005 సంవత్సరాల్లో వరుసగా వచ్చిన తుపానులు బ్యాక్టీరియాను రాష్ట్రమంతా చల్లేశాయి. చివరకు 2006 జనవరిలో నిర్మూలన కార్యక్రమాన్ని విరమించుకున్నారు. ఆస్ట్రేలియా మాత్రం 2004లో క్వీన్స్‌లాండ్‌లోనూ, 2018లో డార్విన్‌ పరిసరాల్లోనూ తెగులు బయటపడగానే చెట్లు కొట్టించి రెండుసార్లూ విజయం సాధించింది.

ఈ చరిత్ర మన రైతుకు ఒక విషయం నేర్పుతోంది. తెగులు కొత్తగా అడుగుపెట్టిన చోట నరికి తరమవచ్చు. మన దగ్గర అలా కాదు. ప్రతి పల్లెలోనూ పెరటి నిమ్మ ఉంటుంది. దాని మీద గజ్జి ఉంటుంది. తోటలోని చెట్లన్నీ నరికి కొత్తవి వేసినా పక్క పెరటి చెట్టు నుంచి మళ్లీ వస్తుంది. తెగులుతో కలిసి బతకక తప్పనప్పుడు దాన్ని ఓర్చుకునే చెట్టును వెదకడమే మిగిలిన దారి. రకాల అభివృద్ధికి ఇక్కడ ఇంత ప్రాధాన్యం రావడానికి ఇదే కారణం.

అన్ని నిమ్మజాతులూ ఒక్కలా లొంగవు

నిమ్మజాతిలోని చెట్లన్నీ గజ్జికి ఒకే తీరుగా లొంగవు. అందరికంటే ముందు వరుసలో లొంగిపోయేవి మనం రోజూ వాడే పుల్లనిమ్మ, అమెరికన్లు ఇష్టపడే గ్రేప్‌ఫ్రూట్‌. నల్గొండ, అనంతపురం, కడప ప్రాంతాల్లో పండే బత్తాయి, చీనీ వీటికంటే కొంత నయం. కమలా జాతి మరికొంత మేలు. బొటనవేలంత కాయలు కాసే కుంక్వాట్‌ అనే జాతి అన్నింటికంటే గట్టిగా నిలుస్తుంది. బ్యాక్టీరియా లోపలికి రాగానే చుట్టూ ఉన్న కణాలు తామే చనిపోయి శత్రువుకు ఆహారం అందకుండా చేస్తాయి. ఊరి చివర గడ్డివాము అంటుకుంటే మంట పాకకుండా పక్క వాములను పీకి దూరంగా వేసినట్లన్నమాట.

అంటే నిరోధక గుణం ప్రకృతిలో లేక కాదు, మనకు కావలసిన చెట్టులో లేదు. కుంక్వాట్‌ గుణాన్ని నిమ్మలోకి తేవడం ఎలా అన్నదే సమస్య. ఈ రెండింటినీ కలపడం అసాధ్యమేమీ కాదు. చలిని తట్టుకునే నిమ్మ కోసం వాల్టర్‌ స్వింగిల్‌ అనే శాస్త్రవేత్త 1909లోనే ఫ్లోరిడాలో నిమ్మకూ కుంక్వాట్‌కూ సంకరం చేసి ‘లైమ్‌క్వాట్‌’ను సృష్టించారు. చెట్టు పుట్టింది గానీ కాయ మార్కెట్‌లో నిమ్మకు బదులు కాలేకపోయింది. సంకరంలో కావలసిన గుణం ఒక్కటే రాదు. అక్కర్లేనివీ వెంట వస్తాయి. రసం, పులుపు, వాసన, తొక్క మందం, కాపు కాలం అన్నీ నిమ్మలాగే ఉండి తెగులును ఓర్చుకునే గుణం మాత్రం అటు నుంచి రావాలి. వినియోగదారు ఒప్పుకోని కాయను ఎంత గట్టి చెట్టు కాసినా రైతుకు లాభం లేదు.

గింజలోనే చిక్కుముడి

ఒక నిమ్మ గింజను నాటితే రెండు, మూడు మొలకలు రావడం నర్సరీ నడిపేవారందరికీ తెలిసిన విషయమే. అసలు చిక్కుముడి ఇక్కడే ఉంది. ఆ మొలకల్లో చాలా వరకు పువ్వులో పుప్పొడి కలయికతో పుట్టినవి కావు. తల్లి చెట్టు కణజాలం నుంచే నేరుగా పుట్టిన పిండాలవి. వాటికి తండ్రి ఉండడు. రూపంలోనూ గుణంలోనూ తల్లికి నకళ్లు.

రైతుకు ఇది వరం. మంచి చెట్టు గింజ నాటితే చాలావరకు అదే రకం చెట్టు వస్తుంది. అందుకే మన ప్రాంతంలో నిమ్మను తరతరాలుగా గింజ మొక్కలుగానే పెంచుతూ వచ్చారు. కొత్త రకం పుట్టించాలనుకునే శాస్త్రవేత్తకు మాత్రం ఇదే శాపం. ఎండలో నిలబడి పూలను విప్పి, పుప్పొడి అద్ది, సంచి కట్టి, కాయ పండేదాకా కాపాడి గింజ తీస్తే మొలిచిన వాటిలో అధికభాగం తల్లికి నకళ్లే. నిజమైన సంకర మొలక ఒకటీ అరా ఉన్నా, బలమైన నకలు మొలకల నడుమ అది తరచుగా ఎదగలేకపోతుంది. డీఎన్‌ఏ పరీక్షలు వచ్చాక సంకర మొలకను చిన్నప్పుడే గుర్తించడం సాధ్యమైంది. అంతకు ముందు చెట్టు పెరిగి కాసేదాకా ఆగవలసి వచ్చేది.

గుర్తించినా పని పూర్తి కాదు. గింజ నుంచి వచ్చిన చెట్టు కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. కాయ గుణం చూడాలి. పలు వానకాలాలు తెగులుకు ఎదురు నిలిపి చూడాలి. వేర్వేరు నేలల్లో పరీక్షించాలి. వరిలో ఏడాదికి రెండు పంటలు తీసి రెండు తరాలు ముందుకు పోవచ్చు. నిమ్మలో ఒక తరం చూడటానికే పట్టుమని అయిదారేళ్లు కావాలి. ఒక శాస్త్రవేత్త ఉద్యోగ జీవితంలో చూడగలిగే తరాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

సాంబ మసూరి చెప్పే పాఠం

బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన సాంబ మసూరి తెలుగు నేలపై ఎంతగా వ్యాపించిందో చెప్పనవసరం లేదు. దాని బలహీనత ఎండాకు తెగులు. ఈ తెగులుకు కారణమయ్యే బ్యాక్టీరియా నిమ్మ గజ్జి బ్యాక్టీరియాకు దగ్గరి చుట్టం. అదీ శాంథోమోనాస్‌ జాతిదే. హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ, కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) శాస్త్రవేత్తలు కలిసి తెగులును నిరోధించే మూడు జన్యువులను సంకరం ద్వారా సాంబ మసూరిలోకి తెచ్చారు. గింజ నాణ్యత చెడకుండా డీఎన్‌ఏ గుర్తుల సాయంతో ప్రతి తరంలోనూ ఏరుతూ వచ్చారు. ఆ రకం 2008లో ‘ఇంప్రూవ్డ్‌ సాంబ మసూరి’ పేరిట విడుదలైంది. జన్యుమార్పిడి ఏదీ లేదు, వరి గుణాలను వరిలోనే కలిపారు.

ఆ మూడు జన్యువుల్లో ఒకటి పనిచేసే తీరు నిమ్మ కథకూ తాళంచెవి వంటిది. ఈ బ్యాక్టీరియాలు మొక్క కణంలోకి ఒక ప్రొటీన్‌ను పంపుతాయి. అది మొక్క సొంత జన్యువు ఒకదాని తలుపు తెరిచి, శత్రువుకు కావలసిన పనిని మొక్క చేతనే చేయిస్తుంది. ఎండాకు తెగులును తట్టుకునే వరిలో ఆ తలుపు తాళం ప్రకృతిసిద్ధంగానే కొద్దిగా మారి ఉంది. శత్రువు తాళంచెవి అందులో తిరగదు.

నిమ్మలోనూ ఇదే నాటకం నడుస్తున్నట్లు 2014లో అమెరికా శాస్త్రవేత్తలు తేల్చారు. అక్కడ తెరుచుకునే జన్యువు పేరు లాబ్‌-1. అది మేల్కొనగానే కణాలు అదుపు తప్పి ఉబ్బుతాయి, పగులుతాయి. పైకి మనకు కనిపించే బెండు మచ్చ అదే. ఆ పగుళ్ల గుండానే బ్యాక్టీరియా వాన నీటిలోకి ఊరి వస్తుంది. అంటే గజ్జి మచ్చ తెగులు మిగిల్చిన గాయం మాత్రమే కాదు, అది బయటికి పోవడానికి చెట్టు చేతనే వేయించుకున్న బాట కూడా.

2017లో ఫ్లోరిడా, చైనా శాస్త్రవేత్తలు వేర్వేరుగా జన్యు సవరణ పద్ధతిలో ఈ తాళాన్ని మార్చి చూశారు. గ్రేప్‌ఫ్రూట్‌లోనూ, చైనాలో పండే ఒక నారింజ రకంలోనూ ప్రయోగించగా మచ్చలు గణనీయంగా తగ్గాయి. రకాన్నీ రుచినీ మార్చకుండా ఒక్క లోపాన్ని సరిదిద్దగల పద్ధతి కావడం దీని ప్రత్యేకత. సంకరంలో ఏళ్ల తరబడి పోగొట్టుకునే కాలం ఇందులో కలిసివస్తుంది.

మన దేశంలో 2022 మార్చిలో కేంద్ర పర్యావరణ శాఖ, బయటి జన్యువు మిగలని సవరణ మొక్కలకు జన్యుమార్పిడి పంటల కఠిన నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది. 2025 మేలో రెండు జన్యు సవరణ వరి రకాలను ప్రకటించారు. అందులో ఒకటైన ‘కమల’ను రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ సాంబ మసూరి నుంచే తయారుచేసింది. వరికి తెరుచుకున్న దారి రేపు నిమ్మకూ పనికిరావచ్చు. అయితే ప్రయోగశాలలో ఒక్క కణం నుంచి చెట్టును పెంచి, దాన్ని తోటలో కాయించి, కాయను పరీక్షించి రైతు చేతికి ఇవ్వడం నారుమడి వేసినంత తేలిక కాదు. బ్యాక్టీరియా కూడా తాళంచెవి మార్చుకోగలదు. వరిలో ఒక్క జన్యువుతో సరిపెట్టక మూడింటిని కలపడంలోని ముందుచూపు అదే.

ఉన్నంతలో మేలైనవి

రాబోయే రకం కోసం ఎదురుచూస్తూ రైతు తోట వేయడం ఆపలేడు. ఇప్పటికే అందుబాటులో ఉన్న వాటిలో తెగులును కొంత ఓర్చుకునేవి ఉన్నాయి. తిరుపతి నిమ్మ పరిశోధన స్థానం ఎంపిక చేసిన ‘బాలాజీ’ వాటిలో ముఖ్యమైనది. సంకరం చేసి పుట్టించినది కాదిది. ఉన్న తోటల్లోని చెట్లను ఏళ్ల తరబడి గమనించి, గజ్జి తక్కువగా ఉండి కాపు బాగున్న చెట్టును ఏరి వృద్ధి చేసిన రకం. వెంకటగిరి సమీపంలోని పెట్లూరులోనూ నిమ్మకు ప్రత్యేకంగా పరిశోధన స్థానం ఉంది. బెంగళూరు సమీపంలోని హెసరఘట్టలో ఉన్న భారత ఉద్యాన పరిశోధన సంస్థ పుల్లనిమ్మకూ లెమన్‌కూ సంకరం చేసి ‘రస్‌రాజ్‌’ను రూపొందించింది. 1985లో నాగ్‌పూర్‌లో ఏర్పడిన జాతీయ నిమ్మ పరిశోధన కేంద్రం కూడా నిమ్మలో ఎంపికలు చేపట్టి రకాలను విడుదల చేసింది.

ఇక్కడ ఒక మాటను రైతులు జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. ‘తట్టుకునే రకం’ అంటే ‘తెగులు రాని రకం’ కాదు. బాలాజీ చెట్టుకూ గజ్జి వస్తుంది. పక్కనున్న నాటు నిమ్మకంటే తక్కువగా, ఆలస్యంగా వస్తుంది. మచ్చలు తక్కువైతే తర్వాతి వానకు ఊరే బ్యాక్టీరియా తక్కువ. తోటలో చెట్లన్నీ అలాంటివే అయితే ఆ తగ్గుదల ఏటా కూడుతూ పోతుంది. మందుల ఖర్చు కూడా కొంత దిగుతుంది. అంతే తప్ప, మందు డబ్బాను మూలన పడేయవచ్చని ఎవరైనా చెబితే నమ్మరాదు.

మరో అపోహ అంటు మొక్కలది. రంగపూర్‌ నిమ్మ వేరుమూలంపై అంటు కడితే గజ్జి రాదని కొందరు చెబుతుంటారు. వేరుమూలం నేలలోని వేరుకుళ్లు వంటి సమస్యల్లో సాయపడుతుంది. పైన ఆకు, కాయ మాత్రం అంటు కట్టిన రకానివే. గజ్జి పట్టేది వాటికే. కాబట్టి వేరుమూలం ఏదైనా పైరకం తట్టుకునేది కానప్పుడు ప్రయోజనం ఉండదు.

తెగులును కొనుక్కుంటున్నారు

గజ్జి గింజ ద్వారా రాదు. అయినా కొత్త తోటల్లో చాలావాటికి అది తొలి ఏడాదే కనిపిస్తోంది. కారణం నర్సరీ. వేల మొక్కలను ఒకదాన్నొకటి ఆనించి పెట్టి, పైనుంచి నీళ్లు చల్లుతూ పెంచినప్పుడు ఒక్క మొక్కపై ఉన్న మచ్చ వారాల్లో మడి మొత్తానికి అంటుకుంటుంది. రైతు తక్కువ ధరకు వచ్చిందని ఆటోలో ఎక్కించుకు వచ్చేది మొక్కనే కాదు, ఇరవై ఏళ్ల తెగులును కూడా.

అందువల్ల మొక్క కొనే ముందు ఆకును తిప్పి అడుగుభాగం చూడాలి. కాండం మీద, ముళ్ల మొదళ్ల వద్ద గరుకు పుండ్లున్నాయేమో తడిమి చూడాలి. ఒక్క మొక్కపై మచ్చ కనిపించినా ఆ మడిలోని మొక్కలను తీసుకోకపోవడమే మంచిది. అమ్మే రోజు ఆకులు దూసేసిన మొక్కలను అనుమానించాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2010లో వచ్చిన ఉద్యాన నర్సరీల చట్టం ప్రకారం నర్సరీలు నమోదు చేసుకోవలసి ఉంది. నమోదు పత్రం చూపమని అడగడం, రకం పేరు రాసిన బిల్లు తీసుకోవడం రైతు హక్కు. తల్లి చెట్లను తమ వద్దే పెంచే పరిశోధన స్థానాల నుంచి మొక్కలు తెచ్చుకోవాలంటే ముందుగా పేరు నమోదు చేసుకుని ఒక సీజను ఆగవలసి రావచ్చు. ఇరవై ఏళ్ల తోటకు ఆ ఒక్క సీజను పెద్ద ఆలస్యం కాదు.

తోటలో పాటించవలసినవి

* తొలకరికి ముందే గజ్జి పట్టిన కొమ్మలను కత్తిరించి తోట బయట కాల్చివేయాలి. రాలిన ఆకులను ఏరివేయాలి. కత్తిరించిన చోట బోర్డో పేస్టు పూయాలి. చెట్టు తడిగా ఉన్నప్పుడు కత్తిరింపులు, కాయకోత చేయరాదు.

* ఒక శాతం బోర్డో మిశ్రమం (కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 100 లీటర్ల నీరు) లేదా లీటరు నీటికి 3 గ్రాముల కాపర్‌ ఆక్సీక్లోరైడ్‌ను చిగురు, పిందె దశల్లో పిచికారీ చేయాలి. రాగి మందు ఆకుపై కాపలా కాస్తుంది తప్ప లోపలికి పోయిన బ్యాక్టీరియాను చంపలేదు. మచ్చలు వచ్చాక పది సార్లు కొట్టేకంటే చిగురు వచ్చినప్పుడు ఒక్కసారి కొట్టడం మేలు.

* రాగి మందును అవసరానికి మించి వాడరాదు. అర్జెంటీనాలో 1990లలో రాగికి లొంగని గజ్జి బ్యాక్టీరియా బయటపడింది.

* యాంటీబయాటిక్‌ మందుల విషయంలో రైతులు పాత అలవాటుకు పోరాదు. స్ట్రెప్టోమైసిన్‌, టెట్రాసైక్లిన్‌లను పంటలపై వాడకుండా ఆపే దిశగా కేంద్ర వ్యవసాయ శాఖ 2021 డిసెంబరులో ముసాయిదా ఉత్తర్వు వెలువరించింది. ఉద్యాన అధికారిని అడిగి నిర్ధారించుకున్నాకే ముందుకు పోవాలి.

* ఆకు తొలిచే పురుగును చిగురు దశలోనే అదుపు చేయాలి. పురుగు చేసిన సొరంగం గజ్జికి రాచబాట. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె కలిపి తొలి దశలో పిచికారీ చేయవచ్చు.

* గాలి వీచే దిక్కున సరుగుడు వంటి చెట్లను వరుసగా పెంచితే వానతుంపర వేగం తగ్గుతుంది. నత్రజని ఎరువులను ఒకేసారి గుమ్మరిస్తే చిగురు మీద చిగురు వచ్చి తెగులుకు విందవుతుంది. విడతలుగా వేయాలి.

ఎదురుచూపు ఎవరిది?

నిమ్మకు వేసవిలోనే గిరాకీ. ఆ కాపు కోసం సెప్టెంబరు, అక్టోబరులో పూత తెప్పిస్తారు. నెల్లూరు తీరంలో ఈశాన్య రుతుపవనాల వానలు పడేదీ ఆ తర్వాతి వారాల్లోనే. మంచి ధర తెచ్చే పిందె, దాన్ని మచ్చపరిచే గాలివాన ఒకే కాలంలో ఎదురుపడుతున్నాయన్నమాట. కాలాన్ని రైతు మార్చలేడు. మందు ఆ వానలో ఎంతసేపు నిలుస్తుందో చెప్పలేడు. చెట్టు తనంతట తాను ఓర్చుకోవడమే ఇక్కడ నిలిచే రక్ష.

అలాంటి చెట్టు మన తోటల్లోనే ఎక్కడో ఉండవచ్చు. బాలాజీ దొరికింది అలాగే. చుట్టూ ఉన్న చెట్లన్నీ గజ్జితో ఎండుతుంటే ఒక్కటి మాత్రం ఏటా నున్నని కాయలు కాస్తుంటే, దాన్ని అదృష్టమని వదిలేయక సమీప ఉద్యాన అధికారికో, పరిశోధన స్థానానికో తెలియజేయాలి. నీడ వల్లనో, గాలి తగలకపోవడం వల్లనో అది తప్పించుకుని ఉండవచ్చు. నిజంగానే దానిలో ఓర్పు గుణం ఉండనూ వచ్చు. ఏది నిజమో పరీక్షలు తేలుస్తాయి. ప్రయోగశాలలో తాళం మార్చిన నిమ్మ వచ్చేలోపు రైతు కన్నుకు చిక్కిన చెట్టే మరో రకానికి తల్లి కావచ్చు. అందాకా గజ్జిపై తొలి గెలుపు మందుల దుకాణంలో దొరకదు. నర్సరీలో మొక్కను చేతిలోకి తీసుకుని ఆకు తిప్పి చూసిన క్షణంలోనే అది దక్కుతుంది.